చేత్తో కార్డులు చేసేవాళ్లకి పోస్ట్‌క్రాసింగ్ ఎంతవరకు పనికొస్తుంది?

బొమ్మలు వేయడం, కాగితాలు చింపి అతికించడం అంటే ప్రాణం, కానీ రోజూ కూర్చోవడం మాత్రం కుదరదు అనేవాళ్లు బోలెడంతమంది. వాళ్లలో ఎవరైనా నన్ను సలహా అడిగితే ముందు ఒక అడ్రస్ సంపాదించమంటాను, స్కెచ్‌బుక్కులు, రంగుల సెట్లు తర్వాత చూసుకోవచ్చు. ఈ కార్డు ఫలానా మనిషికి వెళ్తుంది అని తెలిశాక చెయ్యి ఊరికే ఉండదు. అలా అడ్రస్‌లు ఇచ్చే చోట్లలో నేను కొన్నేళ్లుగా వాడుతున్నది పోస్ట్‌క్రాసింగ్, ప్రపంచం నలుమూలల వాళ్లు పోస్టుకార్డులు పంపుకునే వెబ్‌సైట్. నేను పంపే కార్డుల్లో చాలావరకు సొంతంగా చేసినవే కాబట్టి ఈ రివ్యూ కూడా ఆ కోణంలోనే ఉంటుంది. షాపులో కొన్న వ్యూకార్డులు పంపేవాళ్లకి ఇందులో సగం ఇబ్బందులు ఎదురే కావు.

ముందు పద్ధతి చెప్తాను. పోర్చుగల్‌కి చెందిన పాలో మగల్యాయిష్ 2005 జులై 14న దీన్ని మొదలుపెట్టాడు, చేరడానికి డబ్బేం కట్టక్కర్లేదు. అడ్రస్ కావాలని నొక్కగానే ఏదో ఒక దేశంలో ఉన్న సభ్యుడి పేరు, అడ్రస్, ఒక కార్డు ఐడీ వస్తాయి. ఐడీలో మీ దేశం కోడ్, పక్కన ఒక సంఖ్య ఉంటాయి, దాన్ని కార్డు మీద తప్పకుండా రాయాలి. కార్డు అందుకున్నవాళ్లు ఆ ఐడీని సైట్‌లో నమోదు చేస్తారు, అప్పుడు మీ అడ్రస్ ఇంకెవరికో వెళ్తుంది, మీకు కార్డు పంపేది వాళ్లు. అంటే మీరు ఎవరికి పంపారో వాళ్ల నుంచి తిరిగి రాదు. కొత్తవాళ్లకి ఇది కాస్త వింతగా ఉంటుంది కానీ నాకు బాగా నచ్చింది ఇదే. ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు, అవతలివాళ్లు నా కార్డుకి సరితూగేది చెయ్యాలి అన్న ఒత్తిడి వాళ్లకీ ఉండదు, నా కార్డు వాళ్ల కార్డంత బాగుందా లేదా అన్న టెన్షన్ నాకూ ఉండదు.

మొదట్లో ఒకేసారి 5 కార్డులు మాత్రమే దారిలో ఉండొచ్చు, అవి చేరుతున్న కొద్దీ పరిమితి పెరుగుతుంది. 60 రోజులైనా చేరని కార్డు ఆ లెక్కలోంచి తప్పుకుంటుంది కాబట్టి దాని బదులు ఇంకొకటి పంపొచ్చు, ఆలస్యంగా చేరినా ఏడాది లోపు నమోదు చేసుకోవచ్చు. చాలామంది కొత్తవాళ్లు ఈ 5 దగ్గర విసుక్కుంటారు. చేత్తో చేసేవాళ్లకి మాత్రం ఇది సరిగ్గా సరిపోయే సంఖ్య. ఒక్కో అడ్రస్ మీద మనసు పెట్టడానికి టైమ్ దొరుకుతుంది, ఇంకా పంపాల్సినవి గుట్టలా పడి ఉన్నాయన్న భయం ఉండదు.

అసలు విషయం సభ్యుల ప్రొఫైల్‌లో ఉంటుంది. అడ్రస్‌తో పాటు ఆ మనిషి తన గురించి రాసుకున్నది కనిపిస్తుంది: ఏం ఇష్టం, ఏం చదువుతారు, ఎలాంటి కార్డులు వస్తే సంతోషిస్తారు. అవి కచ్చితంగా పాటించాలని రూలేం లేదు. కానీ రోజూ ఏదో ఒకటి చెయ్యాలనుకునే మనిషికి అంతకంటే మంచి ముడిసరుకు దొరకదు. ఒకావిడ తనకి నాచు, వాన, పాత తలుపులు ఇష్టమని రాసుకుంది. నా మానాన నన్ను వదిలేస్తే నేను మళ్లీ మళ్లీ అవే పువ్వులు వేస్తాను, నాచు జోలికి వెళ్లే మనిషిని కాదు. మందంగా ఉండే 300 జీఎస్ఎం వాటర్‌కలర్ పేపర్ ఏ6 సైజుకి, అంటే మామూలు పోస్టుకార్డంత, కోసి, పల్చగా జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లపూత) పూసి, ఆరాక ఆకుపచ్చ టిష్యూ పేపర్ చిన్న చిన్న ముక్కలుగా చింపి జెల్ మీడియంతో (జిగురులా పనిచేసే యాక్రిలిక్ ముద్ద) ఒకదాని మీద ఒకటి అతికించాను. కత్తెరతో కాదు, చేత్తో చింపితేనే అంచు పీచుపీచుగా వస్తుంది, ఆ పీచు మీద తడి బ్రష్ పోనిస్తే కాస్త రంగు దిగి అచ్చం నాచులా పాకుతుంది. తలుపుకి గోధుమరంగు ప్యాకింగ్ కవర్ ముక్క వాడాను. ఆ కాగితంలో సన్నటి గీతలుంటాయి కదా, వాటిని నిలువుగా పెడితే చెక్క నారలా కనిపించాయి. చివర్లో తెల్ల జెల్ పెన్నుతో గొళ్లెం మీద ఒక మెరుపు గీత. మొత్తం పనిలో నాకు బాగా గుర్తున్నది ఆ టిష్యూ ముక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోట వచ్చిన ముదురు రంగు, అది నేను ఏ ట్యూబులోంచీ తీసి పూసింది కాదు.

రోజూ ఇంత పని పెట్టుకోమని చెప్పడం లేదు. పనిని రోజుల మీద పరుచుకుంటే తేలిక. ఒకరోజు ఏ3 షీటు మొత్తానికి రంగులు పూసేసి వదిలెయ్యడం, మర్నాడు దాన్ని కొయ్యడం, ఒక ఏ3 షీటుకి సరిగ్గా 8 ఏ6 కార్డులు వస్తాయి. కోసినప్పుడే అసలు ఆశ్చర్యం, పెద్ద షీటు మీద ఏ మాత్రం బాగాలేని మూల ఒక్కోసారి కార్డు సైజులో చూస్తే అద్భుతంగా ఉంటుంది. తర్వాత రోజు నుంచి రోజుకొక కార్డు మీద అతికింపులు, గీతలు, అక్షరాలు. ఓపిక లేని రోజున వెనక వైపు అడ్రస్ రాసినా ఆ రోజు పని ఆ రోజు చేసినట్టే. ఇందులో నాకు ధైర్యం ఇచ్చిన మనిషి జపాన్ కళాకారుడు ఓన్ కవారా. 1968 నుంచి 1979 దాకా ఆయన రోజుకి రెండు పోస్టుకార్డుల చొప్పున తెలిసినవాళ్లకి పంపాడు, ప్రతి దాని మీదా ఆ రోజు ఎన్ని గంటలకి నిద్రలేచాడో రబ్బరు స్టాంపుతో ముద్ర వేసి. కార్డులు మామూలు టూరిస్టు వ్యూకార్డులే. విడిగా ఒక్కో కార్డు తీసుకుంటే చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు, అన్నీ వరసగా పెట్టి చూస్తే ఒక మనిషి జీవితం. ప్రతి కార్డూ గొప్పగా ఉండాలన్న పట్టుదల వదిలేస్తేనే రోజువారీ పని నిలబడుతుందని నా నమ్మకం.

ఇక లోటు. పోస్ట్‌క్రాసింగ్ పోస్టుకార్డుల సర్వీసు, మెయిల్ ఆర్ట్ సర్వీసు కాదు. మెయిల్ ఆర్ట్ అంటే చేత్తో చేసిన కళని పోస్టులో పంపుకోవడం. చేత్తో చేసినవి పంపేవాళ్లని, అవి కావాలనుకునేవాళ్లని జత చేసే ఏర్పాటు ఇందులో లేదు. మీరు రెండు సాయంత్రాలు కూర్చుని చేసిన కోలాజ్ (కాగితపు ముక్కలు అతికించి చేసిన బొమ్మ) పంపొచ్చు, మీకు వచ్చేది విమానాశ్రయంలో కొన్న వంతెన బొమ్మ కావచ్చు. వచ్చిన ప్రతి కార్డూ ఒక మనిషి తీరిక చేసుకుని రాసిందే, దానికి విలువ కట్టలేం, కానీ చేతిపని కోసం ఎదురుచూసేవాళ్లకి వెలితి వెలితే. దీనికి తోడు, అచ్చువేసిన కార్డులే పంపండి, ఇంట్లో చేసినవి వద్దు అని ప్రొఫైల్‌లో తేల్చి చెప్పేవాళ్లు ఉంటారు. రూల్ ప్రకారం మనం వినక్కర్లేదు, అయినా వినాలనే నేనంటాను. ఇష్టం లేని మనిషికి పంపిన కార్డు సొరుగులోకి పోతుంది, అదే కార్డు ఇంకొకరి గోడ మీద ఉండేది. నేను అలాంటి అడ్రస్‌ల కోసం కొన్ని వ్యూకార్డులు విడిగా ఉంచుకుంటాను. కొంతమంది ప్రొఫైల్‌లో నేరుగా మార్చుకోవడానికి సరే అని పెట్టుకుంటారు, అక్కడ మెసేజ్ పెట్టి చేతి కార్డుకి చేతి కార్డు అని మాట్లాడుకోవచ్చు, కాకపోతే అవి అధికారిక లెక్కలోకి రావు.

పోస్టులో వెళ్లే కార్డుకి గోడకి తగిలించే బొమ్మకి లేని కష్టాలుంటాయి. సైజు విషయంలో అంతర్జాతీయంగా పోస్టుకార్డు 90×140 మిల్లీమీటర్ల నుంచి 120×235 మధ్యలో ఉండాలి, ఏ6 హాయిగా అందులో పడుతుంది. చతురస్రాకారం కార్డులు చూడటానికి ముచ్చటగా ఉంటాయి కానీ చాలా దేశాల్లో వాటికి స్టాంపు ఎక్కువ అంటించాలి, ముందే కనుక్కోండి. గుండీలు, పూసలు, రేకులు అతికించిన కార్డు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే మెషీన్ రోలర్లలో ఇరుక్కుంటుంది, అవి కవర్లో పెట్టి పంపాల్సినవే. వాషీ టేపు (అలంకరణకి వాడే రంగుల కాగితపు టేపు) అంచుకి తెచ్చి ఆపొద్దు, లేచిపోతుంది, వెనక్కి మడిచి అంటించండి లేదా అంచుకి కాస్త లోపలే ఆపండి. గ్లూ స్టిక్ చిన్న ముక్కలకి సరిపోతుంది, పెద్ద కాగితాలకి జెల్ మీడియం కానీ పీవీఏ జిగురు కానీ పల్చగా రాసి, బరువైన పుస్తకాల కింద రాత్రంతా ఉంచితే కార్డు వంకర తిరగదు. యాక్రిలిక్ పూసిన రెండు కార్డులు ఎదురెదురుగా పెడితే ఎండిన తర్వాత కూడా అతుక్కుంటాయి, మధ్యలో మైనపు కాగితం ఉండాలి.

పెన్నుల్లో మాత్రం నేను రాజీపడను. అడ్రస్, ఐడీ పిగ్మెంట్ ఇంకుతోనే రాయాలి. సకురా పిగ్మా మైక్రాన్ లాంటి పెన్నులతో రాసినవి ఆరాక నీళ్లు పడ్డా చెదరవు. ముదురు రంగు మీద రాయాలంటే పోస్కా పెయింట్ మార్కర్లు బాగా కప్పుతాయి. జెల్ పెన్ను బొమ్మ వైపు వాడుకోండి, అడ్రస్ వైపు వద్దు. అడ్రస్ వైపు అడుగున ఒక వేలు వెడల్పు ఖాళీ వదిలితే మెషీన్ బార్‌కోడ్ అక్కడ పడుతుంది, లేకపోతే మీరు ముద్దుగా రాసిన ఆఖరి వాక్యం మీద పడుతుంది. సొంతంగా చేసిన దొంగ స్టాంపులంటే మెయిల్ ఆర్ట్ వాళ్లకి మహా ఇష్టం, వాటినే ఆర్టిస్టాంపులు అంటారు. అవి ఎడమ వైపు కానీ బొమ్మ వైపు కానీ ఉండాలి, అసలు స్టాంపు మూలకి దూరంగా.

చేతిపనికి చేతిపనే కావాలనుకునేవాళ్లు మెయిల్ ఆర్ట్ వైపు వెళ్లాలి. ఆ సంప్రదాయానికి పెద్ద దిక్కు అమెరికా కళాకారుడు రే జాన్సన్. 1950ల నుంచే ఆయన కోలాజ్‌లు, కాగితపు ముక్కలు పోస్టులో పంపుతూ, వీటికి మీరూ ఏదన్నా కలిపి తిరిగి పంపండి, లేదా ఇంకొకరికి పంపండి అని రాసేవాడు. 1970లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఇలా ఆయనతో ఉత్తరాలు నడిపిన బృందం పేరు మీద జరిగిన ప్రదర్శనలో పెట్టినవి ఆయన చేసినవి కావు, మిగతావాళ్లు పోస్టులో పంపినవి. ఏది బాగుందో తేల్చే జడ్జీలు లేరు, ఫీజు లేదు, పంపింది వెనక్కి రాదు, పాల్గొన్న అందరికీ జాబితా అందుతుంది అనే మర్యాదలు మెయిల్ ఆర్ట్ ప్రదర్శనల్లో ఈ రోజుకీ నడుస్తున్నాయి. నెదర్లాండ్స్‌కి చెందిన రూడ్ యాన్సన్ 1988లో మొదలుపెట్టిన అంతర్జాతీయ మెయిల్ ఆర్టిస్టుల సంఘం, ఐయూఓఎమ్ఏ, ఇలాంటివాళ్లు కలిసే చోటు. అక్కడ కంప్యూటర్ మీకు అడ్రస్ కేటాయించదు, మీరే ఒకరి పని చూసి, నచ్చి, ముందుగా పంపాలి, జవాబు కోసం కాచుకోవాలి. బిడియం ఉన్నవాళ్లకి ఇది మొదట్లో కష్టం. ఒకసారి కుదిరితే మాత్రం ఆ స్నేహాలు పోస్ట్‌క్రాసింగ్‌లో దొరికేవాటికంటే చాలా లోతుగా ఉంటాయి, ఒకే కాగితం ఇద్దరి ముగ్గురి చేతుల్లో తిరిగి, ప్రతిసారీ ఇంకో పొర ఎక్కి మళ్లీ మన చేతికి వస్తుంది.

ఏ6 కూడా పెద్దదనిపించే రోజుల కోసం ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డులున్నాయి, 2.5×3.5 అంగుళాలు. స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో వాంచి స్టిర్నెమాన్ 1997లో మొదలుపెట్టిన పద్ధతి, వీటిని ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప అమ్మకూడదు. పది నిమిషాల్లో ఒకటి అవుతుంది, మిగిలిపోయిన కాగితపు పేలికలన్నీ ఖర్చయిపోతాయి, కవర్లో పోస్టుకార్డు వెంట ఒకటి జారవిడిస్తే అవతలివాళ్లకి అనుకోని బహుమతి.

నేను పోస్ట్‌క్రాసింగ్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ చేత్తో చేసినవాటికి విడిగా దారి లేనందుకు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే ఇక్కడే మొదలుపెట్టండి, అడ్రస్ క్షణంలో వస్తుంది, ఆ ఊపు వేరే చోట దొరకదు. చేతికి అలవాటు కుదిరాక ఐయూఓఎమ్ఏలో రెండు మూడు పరిచయాలు చేసుకుని రెండూ నడపండి. ఇంటి అడ్రస్ తెలియనివాళ్లకి ఇవ్వడం ఇబ్బందైతే పోస్ట్ బాక్స్ తీసుకోవచ్చు. మీ ప్రొఫైల్‌లో చేత్తో చేసిన కార్డులంటే ఇష్టమని మొదటి వాక్యంలోనే రాయండి, చాలామంది అంతవరకే చదువుతారు. వాళ్లని ఊరించడానికి ఏదో ఒక చిన్న పని కూడా ఇవ్వండి, మీ కిటికీలోంచి కనిపించేది గీయండి అనో, మీ బల్ల మీద ఇప్పుడున్న కాగితం ముక్క అతికించండి అనో. గీయడం రాదనుకునేవాళ్లు కూడా అలా అడిగితే ప్రయత్నిస్తారు. ఇంకొకటి, పోస్టులో వేసిన కార్డు మళ్లీ మీ చేతికి రాదు కాబట్టి వేసే ముందు దాన్ని రెండు వైపులా స్కాన్ చెయ్యండి, అడ్రస్ కనపడకుండా దాని మీద ఒక కాగితం పెట్టి.