ఆరు ఆదివారాలు, ఒక జర్మన్ ప్రభువు: కడప చరిత్ర తరగతులపై నా అభిప్రాయం

కడప ఏడురోడ్ల కూడలికి దగ్గరలో, కింద జిరాక్స్ అంగడి, పైన రేకుల గది ఉన్న ఒక మేడ మీద ఈ వేసవిలో జరిగిన ఆదివారం చరిత్ర తరగతులకు నేను ఆరు వందల రూపాయలు కట్టి చేరాను. మొత్తం ఆరు తరగతులు, ఒక్కొక్కటి రెండు గంటలు. పదమూడో శతాబ్దంలో రుడాల్ఫ్ అనే జర్మన్ ప్రభువు కౌంటు హోదా నుంచి రాజ సింహాసనం దాకా ఎట్లా ఎక్కాడన్నది పాఠ్యవిషయం. మంచితో పాటు లోపాలు కూడా రాయబోతున్నాను కనుక నిర్వాహకుల పేరు, పాఠం చెప్పిన అయ్యవారి పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసి బతికినవాడిని; రాజుల కథల కన్నా ఆస్తి ఎవరి పేరు మీది నుంచి ఎవరి పేరు మీదికి మారిందన్న సంగతి మీదనే నా దృష్టి పోతుంది. నా అభిప్రాయాన్ని ఆ మేరకు తగ్గించుకునో, హెచ్చించుకునో చదువుకోవాలి.

అయ్యవారు మొదటి రోజు యుద్ధంతో మొదలుపెట్టకుండా ఇంటిపేరుతో మొదలుపెట్టారు. హబ్స్‌బర్గ్ అన్నది నేటి స్విట్జర్లాండ్‌లోని ఆర్గావ్ ప్రాంతంలో ఉన్న ఒక చిన్న కోట. డేగకోట అన్న మాట నుంచి ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. రుడాల్ఫ్ 1218 మే 1న పుట్టాడు. పవిత్ర రోమన్ చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ అతనికి జ్ఞానస్నానపు తండ్రి. కన్నతండ్రి 1239లో పవిత్రభూమికి యుద్ధయాత్రకు పోయి తిరిగి రాలేదు కనుక ఇరవై ఏళ్లు దాటీ దాటక ముందే ఇంటి భారమంతా ఈయన మీద పడింది. తల్లి హైల్విగ్ కైబర్గ్ వంశపు ఆడపడుచు. ఆమె అన్నదమ్ముడు హార్ట్‌మన్, అంటే రుడాల్ఫ్‌కు మేనమామ, సంతానం లేకుండా 1264లో చనిపోయినప్పుడు మేనల్లుడు ఆ భూముల మీద చేయి వేశాడు. వితంతువు మార్గరెట్ సవాయ్ వంశస్థురాలు. ఆమెకు రాసి ఇచ్చిన భూముల కోసం పుట్టింటివారు పోరాడారు, తగవు కొన్నేళ్లు నడిచింది. ఇక్కడ నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మేనమామ ఆస్తి, పిల్లలు లేని దంపతులు, వితంతువు మనోవర్తి, పుట్టింటివారి అభ్యంతరం: ఇవన్నీ మా ఆఫీసు వేపచెట్టు కింద నేను వారానికొకసారైనా విన్న కథలే. వ్యత్యాసమల్లా, అక్కడ సాక్షి సంతకాలకు బదులు గుర్రపు దళాలు వచ్చాయి.

రుడాల్ఫ్ ఒక నిరుపేద కౌంటు అనీ, దైవికంగా రాజయ్యాడనీ చాలాచోట్ల రాస్తుంటారు. ఈ తరగతులు ఆ మాటను ఓపికగా విప్పి చూపించడం నాకు బాగా నచ్చిన విషయం. పేదవాడన్న మాట ప్రత్యర్థి పక్షం వారు అక్కసుతో ప్రచారం చేసినది. నిజానికి 1273 నాటికి జర్మనీ నైరుతి భాగంలో ఆయనను మించిన భూస్వామి లేడనే చెప్పాలి. చక్రవర్తి ఫ్రెడరిక్ వంశానికి నమ్మకంగా నిలబడినందుకు పోపుల కోపానికి గురయ్యాడు, మతబహిష్కారాన్ని కూడా భరించాడు. 1262లో స్ట్రాస్‌బర్గ్ పౌరులు తమ బిషప్పు మీద తిరగబడినప్పుడు పౌరుల పక్షాన చేరాడు. నగరాల దగ్గర డబ్బు ఉంది, వాటికి కత్తి పట్టేవాడు కావాలి. ఈయన దగ్గర కత్తి ఉంది, ఈయనకు డబ్బు కావాలి. ఈ లెక్కను అయ్యవారు బోర్డు మీద రెండు గీతలు గీసి తేల్చేశారు. సన్యాసినుల మఠాన్ని తగలబెట్టించిన సంగతిని కూడా దాచలేదు. వీరగాథ వినడానికి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు రెండో వారం నుంచి రాలేదు.

ఎన్నిక గురించి చెప్పిన మూడో తరగతి సమాచారపరంగా అన్నింటికన్నా నిండైనది. 1250లో ఫ్రెడరిక్, 1254లో ఆయన కొడుకు కాన్రాడ్ చనిపోయాక జర్మనీకి గట్టి రాజు లేకుండా పోయాడు. 1257లో కొందరు ఇంగ్లండు రాజు తమ్ముడైన కార్న్‌వాల్ రిచర్డ్‌ను, మరికొందరు స్పెయిన్‌లోని కాస్టీల్ రాజు అల్ఫాన్సోను ఎన్నుకున్నారు. వారిలో రెండోవాడు జర్మనీలో కాలే పెట్టలేదు. 1272లో రిచర్డ్ చనిపోయాక పోప్ పదవ గ్రెగరీ తొందరపెట్టాడు. రాజును ఎన్నుకునే హక్కు ఏడుగురిదిగా స్థిరపడుతున్న కాలమది: మైంజ్, కొలోన్, ట్రియర్ ఆర్చిబిషప్పులు ముగ్గురు, రైన్ పాలటీన్ కౌంటు, సాక్సనీ డ్యూకు, బ్రాండెన్‌బర్గ్ ప్రభువు, బొహీమియా రాజు. ఏడురోడ్ల దగ్గర కూర్చుని ఏడుగురి సంగతి వింటున్నామని ఎవరో అంటే గది నవ్వింది.

వెనుక వరసలోని ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ ఏడుగురికి ఓట్లు ఎవరేసినారు?" అని అడిగింది. అయ్యవారు చాక్‌పీసు కింద పెట్టి, "ఎవరూ వేయలేదమ్మా. వాళ్ల తాతలు బలంగా ఉండినారు, అంతే" అన్నారు. పాఠ్యపుస్తకాలలో నాలుగు పేజీలు పట్టే సంగతి ఆ ఒక్క మాటలో అందింది.

బొహీమియా రాజు ఒటాకర్‌కే బలమెక్కువ. అందుకే మిగిలినవారికి అతను వద్దు. అతని ఓటును పక్కనపెట్టి ఆ స్థానంలో బవేరియా పక్షపు ఓటును లెక్కించి, 1273 అక్టోబరు 1న ఫ్రాంక్‌ఫర్ట్‌లో రుడాల్ఫ్‌ను ఎన్నుకున్నారు. అప్పుడాయన బాసెల్ నగరాన్ని ముట్టడిస్తున్నాడు. ఆ వార్త విన్న బాసెల్ బిషప్పు, దేవుణ్ణి ఉద్దేశించి, నీ గద్దె మీద గట్టిగా కూర్చో స్వామీ, లేకపోతే దాన్ని కూడా రుడాల్ఫ్ లాక్కుంటాడు అన్నాడని ఒక కథ ఉంది. అది కథేనని అయ్యవారు స్పష్టంగా చెప్పారు. అక్టోబరు 24న ఆహెన్‌లో పట్టాభిషేకం జరిగింది. అదే సందర్భంలో ఇద్దరు కూతుళ్లను, ఒకరిని పాలటీన్ కౌంటు లుడ్విగ్‌కు, మరొకరిని సాక్సనీ డ్యూకు ఆల్బర్ట్‌కు ఇచ్చి పెళ్లి చేశాడు. తనకు ఓటు వేసినవారే అల్లుళ్లు. మిగతా నలుగురు కూతుళ్లు కూడా ఇట్లాగే బ్రాండెన్‌బర్గ్, బవేరియా, ఆంజూ, బొహీమియా ఇళ్లకు పోయారు. ఆ ఆరుగురి వివాహాలతో ముద్రించి ఇచ్చిన వంశవృక్షం ఒక్కటే నా దృష్టిలో ఆరు వందల్లో రెండు వందల విలువ చేస్తుంది. దాన్ని నేను మడత పెట్టి పంచాంగంలో దాచుకున్నాను.

మిగిలిన ముద్రిత సామగ్రి గురించి అంత మంచిమాట చెప్పలేను. నలభై ఎనిమిది పేజీల నోట్సులో హబ్స్‌బర్గ్ అన్న పేరే మూడు రకాలుగా కనిపిస్తుంది. రంగుల పటాన్ని నలుపు తెలుపుల్లో జిరాక్స్ తీయించడం వల్ల నది ఏదో, ఎల్ల ఏదో తెలియదు. రైన్ నది అనుకుని నేను ఒక వారమంతా ఒక రాజ్యపు సరిహద్దును చూస్తూ గడిపాను. చెక్కుబందీలు, అంటే నాలుగు వైపుల హద్దులు, తప్పు పడిన దస్తావేజును ఎవరైనా రిజిస్టరు చేస్తారా? నాలుగో ఆదివారం తరగతి రద్దయిందన్న సందేశం ఉదయం ఎనిమిదిన్నరకు ఫోనుకు వచ్చింది. అప్పటికి నా బస్సు కమలాపురం దాటింది. తరువాతి వారం ఆ తరగతిని జరిపారు గానీ, దూరం నుంచి వచ్చేవారికి ముందురోజు రాత్రే చెప్పడం ఏ నిర్వాహకులకైనా కష్టమైన పని కాదు. మే నెలలో రేకుల గదికి రెండు ఫ్యాన్లు చాలవన్న సంగతి కడపవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఆలస్యపు నాలుగో తరగతే ఒటాకర్ ఆస్తుల కథ. ఆస్ట్రియాను ఏలిన బాబెన్‌బర్గ్ వంశంలో మగసంతతి 1246లో ఆగిపోయింది. ఆ వంశపు ఆడపడుచు, తనకన్నా చాలా పెద్దదైన మార్గరెట్‌ను పెళ్లాడి ఒటాకర్ ఆస్ట్రియా మీద తన హక్కును గట్టిచేసుకున్నాడు. తరువాత స్టిరియా, కరింథియా, కార్నియోలా కూడా అతని చేతికి వచ్చాయి. రుడాల్ఫ్ రాజైన వెంటనే కత్తి తీయలేదు, కాగితం తీశాడు. చక్రవర్తి ఫ్రెడరిక్ చివరి రోజుల తరువాత సరైన మంజూరు లేకుండా చేతులు మారిన రాజ్యపు భూములన్నీ తిరిగి రాజ్యానికి రావాలని 1274లో న్యూరెంబర్గ్ సభలో తీర్పు చెప్పించాడు. దీన్ని అయ్యవారు "మన చుక్కల భూముల మాదిరి" అనగానే, వెనుక కూర్చున్న రిటైర్డు వీఆర్వో ఒకాయన పెద్దగా నిట్టూర్చారు. పోలిక సరిగ్గా అతికింది. స్వాధీనం ఉంది, అనుభవం ఉంది, పన్ను కూడా వసూలు చేసుకుంటున్నాడు. రికార్డులో మాత్రం ఆ గడి ఖాళీ. ఒటాకర్ సభకు రాలేదు, భూములు వదలలేదు. 1276లో రుడాల్ఫ్ సేనతో వియన్నా ముందుకు వచ్చేసరికి అతని సొంత సామంతులే జారిపోయారు. ఆ నవంబరులో ఒటాకర్ మోకరిల్లి, బొహీమియా, మొరేవియాలను మాత్రం రాజు చేతి నుంచి తిరిగి తీసుకుని, మిగతా నాలుగింటినీ వదులుకున్నాడు.

అయిదో తరగతి నాడు ప్రొజెక్టరు పనిచేయలేదు. ఆ రోజే తరగతి అద్భుతంగా జరిగింది. అయ్యవారు కిందికి మనిషిని పంపి ఒక పొట్లం బుడ్డలు, అంటే వేరుశనగకాయలు, తెప్పించి, బల్ల మీద పోసి, మమ్మల్నందరినీ చుట్టూ నిలబడమన్నారు. 1278 ఆగస్టు 26, వియన్నాకు ఈశాన్యాన మార్చ్‌ఫెల్డ్ మైదానం. ఒలవని కాయలు ఒటాకర్ బరువైన అశ్వదళాలు, ఒలిచిన గింజలు రుడాల్ఫ్ పక్షాన హంగరీ రాజు పంపిన కుమన్ విలుకాండ్లు. గింజలు ముందుకు వచ్చి, బాణాలు వేసి, వెనక్కి తగ్గాయి. తరువాత బరువైన దళాలు రెండు వైపుల నుంచి ఢీకొన్నాయి. అరవై ఏళ్ల రుడాల్ఫ్ గుర్రం మీది నుంచి పడిపోయాడు. పక్కనున్న యోధులు కాపాడి వేరే గుర్రం ఎక్కించారు. ఇంతలో అయ్యవారు తన చొక్కా జేబులో నుంచి ఒక గుప్పెడు కాయలు తీసి బల్ల పక్క నుంచి తోశారు. దాచి ఉంచిన సుమారు అరవై మంది అశ్వికులట. పొంచి ఉండి పక్క నుంచి పొడవడం ఆనాటి యోధధర్మానికి మచ్చ కనుక, ఆ దళానికి నాయకత్వం వహించిన ఉల్రిచ్ ఫాన్ కాపెల్లెన్ తోటివారిని ముందే క్షమాపణ అడిగాడని చెప్పారు. ఒటాకర్ సేన చీలింది, చెదిరింది. పట్టుబడిన ఒటాకర్‌ను పాతపగలున్నవాళ్లు చంపేశారు. బల్ల మీద మిగిలిన సేనలను తరగతి అయ్యాక మేమే తినేశాం.

ఇంత బాగా నడిచిన పాఠాన్ని చివరి తరగతిలో పరుగెత్తించడం నాకు బాధ కలిగించింది. 1282లో ఆస్ట్రియా, స్టిరియాలను తన కొడుకులకు కట్టబెట్టిన ఘట్టం ఈ కథ మొత్తానికి ఆయువుపట్టు. హబ్స్‌బర్గులు 1918 దాకా అక్కడ పాతుకుపోవడానికి మూలమైన దస్తావేజు అది. దానికి పది నిమిషాలు కూడా దక్కలేదు. కొడుకును తన తరువాతి రాజుగా ఒప్పించలేకపోవడం, పోప్ చేతి మీదుగా చక్రవర్తి కిరీటం ఎన్నడూ పొందకపోవడం ఒక్కొక్క వాక్యంలో ముగిశాయి. ఆ సమయాన్నంతా పాలెగాళ్ల పోలిక తినేసింది. రుడాల్ఫ్ రైన్ తీరంలో రైహెన్‌స్టైన్, సూనెక్ వంటి దోపిడీ కోటలను పడగొట్టించడాన్ని, 1800 తరువాత దత్తమండలాల్లో ఈస్టిండియా కుంపిణీ కలెక్టరు మన్రో పాలెగాళ్లను అణచడంతో సమానం చేసి అరగంట మాట్లాడారు. వినడానికి సొంపుగానే ఉంది గానీ నేను ఒప్పుకోను. మన్రో వెనుక జీతమిచ్చి పోషించే కుంపిణీ సైన్యం ఉంది. రుడాల్ఫ్ వెనుక రేపు ఇంటికి పోతామనే సామంతులున్నారు. ఇద్దరూ కోటలు కూల్చినంత మాత్రాన ఇద్దరి పనీ ఒకటి కాదు.

దొంగ ఫ్రెడరిక్ కథను మాత్రం చెప్పినందుకు కృతజ్ఞుణ్ణి. టైల్ కోలుప్ అనే ఒకడు, ఎప్పుడో 1250లో చనిపోయిన చక్రవర్తిని నేనేనంటూ బయలుదేరి, కొన్ని నగరాల ఆదరం పొంది, ఉత్తర్వులు కూడా జారీ చేశాడు. రుడాల్ఫ్ వేసిన పన్నులతో విసిగిన నగరాలకు ఆ అబద్ధం తియ్యగా ఉండింది. 1285లో వెట్స్‌లార్‌లో అతణ్ణి మంటల్లో వేసి చంపారు. స్పేయర్ గుడిలో ఉన్న రుడాల్ఫ్ సమాధిఫలకం బొమ్మను కూడా చూపించారు: పొడవాటి ముక్కు, నుదుటి మీద ముడతలు, అలిసిపోయిన ముసలి ముఖం. 1291 జూలై 15న చనిపోయిన మనిషిని ఉన్నవాణ్ణి ఉన్నట్టు చెక్కిన రాయి అది. మా నోట్సులో అది నల్లటి మచ్చగా అచ్చయింది.

పోటీ పరీక్షలకు చదివేవారు ఈ తరగతుల్లో చేరవద్దు. వారికి పనికివచ్చేది ఇక్కడేమీ లేదు. ఆరు పూటలు ఓపికగా కూర్చోగలిగి, అధికారం అన్నది భూమి, పెళ్లి, తీర్పు అనే మూడు దారుల్లో ఎట్లా పోగవుతుందో చూడాలనుకునేవారికి ఆరు వందలు ఎక్కువ కాదు. నీళ్ల సీసా, విసనకర్ర ఎవరివి వారు తెచ్చుకోవాలి. అయిదింటికి నేను మూడున్నర ఇస్తాను. ఆ అర, బుడ్డలకు.

నా బస్సు ప్రతి ఆదివారం వల్లూరు మీదుగా వచ్చేది. రుడాల్ఫ్ ఆహెన్‌లో కిరీటం పెట్టుకున్న ఆ రోజుల్లోనే, అదే వల్లూరు రాజధానిగా కాయస్థ అంబదేవుడు తలెత్తి, తరువాత తన ఏలికసాని అయిన రుద్రమదేవికే ఎదురు తిరిగాడు. అతని విజయాల పట్టిక 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో ఉంది. ఈయన మీద ఆరు తరగతులు పెట్టరాదా అని చివరిరోజు నిర్వాహకులను అడిగాను. "ఇరవై మంది పేర్లు ఇస్తే పెడతాం సార్" అన్నారు. కాగితం అడిగి తీసుకుని మొదటి పేరు నాదే రాసి వచ్చాను.