ప్రధాన సంఖ్యో కాదో తేల్చాలంటే ఏది మేలు: భాగహారమా, ఫెర్మా పరీక్షా, మిల్లర్–రాబినా?

పెద్ద సంఖ్య చేతికొస్తే అది ప్రధాన సంఖ్యో కాదో ఎలా చూడాలి అని చాలామంది అడుగుతున్నారు. ఉదాహరణకి 4294967297 తీసుకుందాం. 2 ఘాతం 32కి ఒకటి కలిపితే వచ్చేది ఇదే. ఇది ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దపు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా గట్టిగా నమ్మాడు.

భాగహారంతో మొదలుపెడితే, వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. ఆ వర్గమూలం దాదాపు 65536. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 6542. అంత దూరం పోనక్కర్లేదు, 116వదైన 641 దగ్గరే దొరికిపోతుంది: 641 × 6700417. 1732లో గణితవేత్త ఆయిలర్ పట్టుకున్నది దీన్నే. కానీ 20 అంకెల సంఖ్యకి ఇలా అదృష్టం కలిసి రాకపోతే 45 కోట్ల భాగహారాల దాకా చేయాల్సి రావచ్చు.

ఫెర్మా పరీక్ష చాలా వేగం. సంఖ్య n అయితే, 2 ఘాతం (n−1)ని n తో భాగిస్తే శేషం 1 రావాలి. తమాషా ఏంటంటే, మన 4294967297 ఇందులో పాసైపోతుంది! 2 బదులు 3 పెడితే దొరికిపోతుంది లెండి. అయితే ఆధారం (అంటే ఈ 2, 3 లాంటి సంఖ్య) మారుస్తూ పోతే చాలు కదా అంటారా? చాలదు. 561 = 3 × 11 × 17. దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారం పెట్టినా శేషం 1 అనే చెబుతుంది. ఇవే కార్మైకేల్ సంఖ్యలు. 1729 కూడా ఆ బాపతే. ఇవి అనంతంగా ఉన్నాయని 1994లో నిరూపించారు. నా మటుకు ఫెర్మా పరీక్ష కథ ఇక్కడితో సరి.

మిల్లర్–రాబిన్ అదే లెక్కని మధ్యలో ఆగి చూస్తుంది. 561నే తీసుకుంటే n−1 అంటే 560, అంటే 16 × 35. 2 ఘాతం 35ని 561తో భాగిస్తే శేషం 263. అక్కడినుంచి వర్గం చేసుకుంటూ పోతే 166, తర్వాత 67, ఆ తర్వాత 1. దొంగ దొరికింది ఇక్కడే. n ప్రధాన సంఖ్య అయితే, వర్గం చేస్తే 1 వచ్చే శేషాలు 1, n−1 మాత్రమే. 67 ఈ రెండిట్లో ఏదీ కాదు. ఇక్కడ కూడా 2 ఒక్కటే నమ్ముకోకూడదు, 4294967297 దాన్ని దాటేస్తుంది. కాకపోతే ఏ బేసి సంయుక్త సంఖ్యనైనా కనీసం నాలుగింట మూడొంతుల ఆధారాలు పట్టేస్తాయి. 2 ఘాతం 64 లోపు సంఖ్యలకైతే 2 నుంచి 37 దాకా ఉన్న 12 ప్రధాన సంఖ్యలు ఆధారాలుగా పెడితే అనుమానానికి తావే లేదు.

2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి వచ్చిన ఏకేఎస్ అనే ప్రధాన సంఖ్య పరీక్ష సిద్ధాంతపరంగా గొప్పదే, వాడకంలో మాత్రం నత్తనడక.

నేనైతే ముందు 1000 లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూసి, మిగిలితేనే మిల్లర్–రాబిన్‌కి పంపిస్తాను. అలా చేస్తే 4294967297 అక్కడిదాకా వెళ్ళనే వెళ్ళదు.