మూసా రాము గుట్ట మీదికి

హైదరాబాద్ మూసారాంబాగ్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్న మా బావగారు "మూసా అంటే మూసీయే కదా" అన్నారు. కాదు, అది ఒక ఫ్రెంచివాడి పేరు. మిషెల్ జోకిం రేమండ్ 1775లో, ఇరవయ్యేళ్ల వయసులో, దుకాణం పెట్టుకుందామని పుదుచ్చేరి వచ్చి, కత్తి పట్టుకున్నాడు. హైదర్ అలీ దగ్గర, తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర పనిచేసి, 1786లో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. సొంతూరి ముఖం మళ్లీ చూడలేదు.

విజయవాడ నుంచి వెళ్లి మొదటి రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లాడ్జిలో దిగాను. రేటు తక్కువే, కానీ గీజర్ పనిచేయలేదు, తెల్లవార్లూ బస్సుల హారన్లు. రెండో రాత్రి కోఠి వైపు మారాను. కాస్త ఎక్కువైనా నిద్ర పట్టింది.

గన్‌ఫౌండ్రీకి పది నిమిషాలు చాలు. రేమండ్ ఫిరంగులు పోయించిన చోట ఇప్పుడు మిగిలింది పాత గోడలే. అసలు చూడాల్సింది సమాధి. ఆటోవాళ్లకు రేమండ్ అంటే అర్థం కాదు, టీవీ టవర్ దగ్గర ఆస్మాన్‌గఢ్ అని చెప్పండి. ఉదయం ఏడింటికే వెళ్లడం మేలు, ఎందుకంటే గుట్ట మీద నీడ తక్కువ. నీళ్ల సీసా మర్చిపోయి నేను బాధపడ్డాను. ఇరవై మూడడుగుల నల్లరాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అనే అక్షరాలు, అంతే. పేరు కూడా పూర్తిగా లేదు. పక్కనున్న స్తంభాల మండపం 2001 వానలకు కూలితే మళ్లీ కట్టారు.

1795లో ఖర్డా దగ్గర మరాఠాల చేతిలో నిజాం ఓడినా, రేమండ్ పటాలాలకు మాత్రం మంచి పేరే వచ్చింది. అదే ఏడు నిజాం కొడుకు అలీజా తిరగబడితే అణిచిందీ ఇతనే. 1798 మార్చి 25న చనిపోయాడు. ఏడు నెలలు తిరక్కుండానే ఈస్టిండియా కంపెనీవాళ్లు పదివేలకు పైగా ఉన్న అతని సైన్యం చేత ఆయుధాలు కింద పెట్టించారు.

ఆ పని నడిపించిన బ్రిటిష్ రెసిడెంట్ (నిజాం కొలువులో కంపెనీ ప్రతినిధి) కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ కోఠిలోనే ఉంది. భవనం గొప్పదే, కానీ మహిళా విశ్వవిద్యాలయం ఆవరణ కాబట్టి ముందే అనుమతి అడిగి వెళ్లండి. ఇది చూశాక గుట్ట మీది ఆ రాయి మరీ ఒంటరిగా అనిపించింది నాకు.

ఒకప్పుడు ఏటా వర్ధంతికి జనం అక్కడ అగరొత్తులు వెలిగించి ఉర్సు చేసేవారట. వచ్చే మార్చిలో మనమూ వెళ్దాం అన్నారు బావగారు. ఎండ కదా అన్నాను. "ఏడింటికే వెళ్దాంలే, నీళ్లు నేను తెస్తా" అన్నారు.