మొబైల్ వెట్ సెంటర్: బండి బాగుంది, మరి మళ్లీ ఎప్పుడొస్తుంది?

అమెరికా పల్లెల్లో ఒంటరిగా బతికే మాజీ సైనికుడికి ఆసుపత్రి దూరమైతే, సాటి సైనికుడు ఇంకా దూరం. ఆ లోటు తీర్చడానికి వెటరన్స్ శాఖ (వీఏ) నడిపే కౌన్సెలింగ్ బండి ఈ మొబైల్ వెట్ సెంటర్. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవారి కోసం 1979లో మొదలైన వెట్ సెంటర్లు, అంటే మాజీ సైనికుల కౌన్సెలింగ్ కేంద్రాలు, ఇప్పుడు దాదాపు 300. వాటి తరఫున 80కి పైగా బండ్లు తిరుగుతున్నాయి. లోపల తలుపేసుకుని మాట్లాడుకునే గది, శాటిలైట్ కనెక్షన్ ఉంటాయి. అంతా ఉచితం.

ఇందులో అన్నిటికన్నా మెచ్చుకోవలసింది గోప్యత. ఇక్కడి కౌన్సెలింగ్ రికార్డులు వీఏ ఆసుపత్రి ఫైల్లో కలవవు. చట్టం తప్పనిసరి చేసిన సందర్భాల్లో తప్ప, మీ అనుమతి లేకుండా బయటికి వెళ్లవు. వీఏ వైద్యానికి పేరు నమోదై ఉండక్కర్లేదు. అయితే అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో బండిని నడిబజారులో నిలిపితే ఈ గోప్యతంతా వృథా. సంతలో, జాతరలో అది ప్రచారానికి పనికొస్తుంది. మనసు విప్పడానికి మాత్రం పక్కసందే మేలు.

ఎక్కువమంది దెబ్బతినేది అర్హత దగ్గర. సైన్యంలో చేశాను కదా అంటే సరిపోదు. యుద్ధరంగంలో పనిచేసి ఉండాలి, లేదా సర్వీసులో లైంగిక హింసకు గురై ఉండటం, డ్రోన్ సిబ్బందిగా పోరాట కార్యకలాపాల్లో ఉండటం వంటి కారణం ఉండాలి. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే సర్వీసు పత్రం, డీడీ-214, నకలు దగ్గరుంచుకోండి. అది పోగొట్టుకుంటే ప్రభుత్వ రికార్డులు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. పాత ఆర్మీవాళ్లకు ఇక్కడో చిక్కుంది: 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో, 1960కి ముందు విడుదలైనవారి ఫైళ్లు చాలావరకు కాలిపోయాయి. జీతం, ఆసుపత్రి కాగితాల లాంటివి ఏవి మిగిలినా పారేయకండి.

ఇక అసలు సంగతి. బండి వస్తుంది, పోతుంది. ఒంటరితనం అక్కడే ఉంటుంది. అందుకే బండిలో కూర్చున్న మనిషిని మొదట అడగవలసింది ‘కమ్యూనిటీ యాక్సెస్ పాయింట్’ గురించి. ఊళ్లో ఏ లైబ్రరీయో చర్చి హాలో ఒక గది ఇస్తే, కౌన్సెలర్ నిర్ణీత రోజుల్లో అక్కడికే వస్తారు. అక్కడ కలిసి కూర్చుని మాట్లాడుకునే గ్రూపుకి అయిదారుగురు చాలు. రోజు మారితే, గది మారితే, పంట కోతల రోజుల్లో పగటిపూట పెడితే గ్రూపు చెదిరిపోతుంది. సాయంత్రం, శనివారం సెషన్లు పెట్టే వీలుంది; అడగందే ఎవరూ చెప్పరు. వరసగా రెండుసార్లు రానివాడికి ఫోన్ చేసే బాధ్యత గ్రూపులోనే ఒకరికి అప్పజెప్పండి. ఆ పని కౌన్సెలర్‌కి వదిలేస్తే ఆలస్యమవుతుంది, పైగా అది ఆఫీసు ఫోనులా వినిపిస్తుంది.

మందులు ఇక్కడ రాయరు, దానికి ఆసుపత్రే. ఊరికే మాట్లాడాలనిపిస్తే 877-927-8387 రాత్రీపగలూ పలుకుతుంది, ఎత్తేవాళ్లూ మాజీ సైనికులో వాళ్ల కుటుంబాలవాళ్లో. ప్రాణాల మీదికొస్తే 988 కొట్టి 1 నొక్కాలి.

బండికి అయిదుకి మూడు మార్కులు. ఊరి గదిలో కుదిరిన గ్రూపుకి నాలుగున్నర.