ఈస్టర్ బేకింగ్‌కి 28 లీటర్ల ఓటీజీ: బెజవాడ ఎండల్లో ఎలా పనిచేస్తుంది

గుడ్ ఫ్రైడేకి శిలువ బన్నులు, ఈస్టర్‌కి సిమ్నెల్ కేకు (పైన బాదం ముద్ద పొర వేసే ఎండుపళ్ల కేకు) రెండూ ఇంట్లోనే చేసే ఉద్దేశం ఉంటే, పైనా కిందా రాడ్లు, లోపల ఫ్యాన్ ఉన్న 28 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు ఓవెన్) కొనుక్కోవచ్చు. ఉత్త కేకు కోసమే అయితే 18–20 లీటర్లది చాలు, పెద్దది డబ్బు దండగ. పన్నెండు బన్నులు ఒకే ట్రేలో నాలుగేసి చొప్పున మూడు వరుసలు పట్టడమే ఈ సైజుతో వచ్చే అసలు లాభం. చిన్నదాంట్లో రెండు వాయిలు పెట్టాలి. మొదటి వాయి కాలేలోపు రెండోది పొంగిపోయి కూలుతుంది.

ఏ కంపెనీదైనా ఇలాంటి ఓటీజీల్లో ఒక లోపం తప్పదు: డయల్ మీది అంకెకీ లోపలి వేడికీ 15–20 డిగ్రీల తేడా. విడిగా ఓవెన్ థర్మామీటర్ కొని మధ్య అరలో పెట్టి చూడండి. లైటు ఆరగానే వేడెక్కిందని నమ్మొద్దు, పావుగంట ఆగండి. ఇది సుమారు 1500 వాట్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే ప్లగ్గు కరిగిపోయే ప్రమాదం ఉంది.

ఇక బన్నులు. మైదా 500 గ్రాములు, పంచదార 75, వెన్న 60, ఉప్పు 8, గుడ్డు ఒకటి, పాలు 260 మి.లీ., కిస్‌మిస్ 120 గ్రాములు, దాల్చినచెక్క పొడి ఒక టీస్పూన్. పాలు ముందు 240 పోసి, మిగతాది పిండిని చూసి కలపాలి. దాల్చినచెక్క ఎక్కువైతే ఈస్ట్ మందగిస్తుంది, వాసన కోసమని రెండు స్పూన్లు వెయ్యకండి. ప్యాకెట్ల మీద 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ అని ఉంటుంది, అది చల్లని దేశాల లెక్క. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడొచ్చినా, ఇక్కడ వంటగదిలో ఉక్కపోతే. 4 గ్రాములు చాలు, పాలు ఫ్రిజ్‌లోవే వాడాలి. గంటన్నర పొంగాలని రాసిన పిండి ఇక్కడ ముప్పావుగంటకే రెట్టింపవుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే పులుపు వాసన వేసి, ఓవెన్‌లో చదునుగా పరుచుకుంటుంది.

గురువారం సాయంత్రం ఆరాధనకి వెళ్లేముందు పిండి పిసికి, మూత పెట్టిన పెద్ద గిన్నెలో ఫ్రిజ్‌లో ఉంచడం అన్నిటికన్నా మేలు. శుక్రవారం ఉదయం ఆరింటికి 85 గ్రాముల చొప్పున ఉండలు చేసి, వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా నిండేదాకా ఆగాలి. చల్లటి పిండికి అది గంట పని. మైదా, నీళ్లు చెరో 50 గ్రాములు కలిపి, మూల కత్తిరించిన పాల కవర్‌తో శిలువ గీతలు వెయ్యండి. నీళ్లెక్కువైతే గీత కాలుతూనే మాయమవుతుంది. 190 డిగ్రీల దగ్గర 18–20 నిమిషాలు. నల్ల ట్రే అడుగు మాడుస్తుంది కాబట్టి మధ్య అరలో బటర్ పేపర్ వేసి పెట్టండి, 12వ నిమిషంలో ట్రేని తిప్పండి. వెనకవైపు ఎప్పుడూ ముందే ఎర్రబడుతుంది. ఎనిమిదిన్నరకల్లా బయటికొస్తాయి. పన్నెండు నుంచి మూడు దాకా, యేసు శిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం ముగిశాక, ఉపవాసం విడిచేవేళకి మెత్తగానే ఉంటాయి.

సిమ్నెల్ కేకులో ఈ ఓవెన్ నిజంగా మెరుగనిపిస్తుంది. ఎనిమిది అంగుళాల టిన్ను, 150 డిగ్రీలు, గంటన్నర నుంచి గంటా నలభై అయిదు నిమిషాలు. పై రాడ్ దగ్గరగా ఉండటంతో నలభై నిమిషాలకే పైభాగం ముదురుతుంది, అప్పుడు ఫాయిల్ కప్పాలి. పైన బాదం ముద్ద బదులు వేటపాలెం జీడిపప్పు ముద్ద వాడొచ్చు, రుచి మనకి నచ్చేది. పద్ధతి అచ్చం కాజూ కత్లీదే: పప్పు 300 గ్రాములు, పంచదార 200, నీళ్లు 120 మి.లీ., తీగపాకం. పప్పు అరగంట ఫ్రీజర్‌లో ఉంచి, ఆగి ఆగి మిక్సీ తిప్పండి. లేకపోతే నూనె వదిలేసి ముద్ద పొడిపొడిగా విరుగుతుంది. పాత పద్ధతిలో కేకు మధ్యలో కూడా ఒక పొర వేస్తారు. కానీ గుచ్చి చూసే పుల్లకి అది అంటుకుని, కేకు ఉడకలేదనిపిస్తుంది. ఎక్కువసేపు ఉంచి ఎండగొట్టేది అక్కడే. ఈ ఓవెన్‌లో పైపొర ఒక్కటే మంచిది.

యేసుని పట్టించిన ఇస్కరియోతు యూదాని వదిలేస్తే మిగిలిన పదకొండు మంది శిష్యులకి గుర్తుగా, అదే ముద్దతో పదకొండు ఉండలు చేసి అంచున పేర్చి, పై రాడ్ ఒక్కటే పెట్టి 230 డిగ్రీల దగ్గర రెండు మూడు నిమిషాలు కాల్చాలి. తలుపు దగ్గర్నుంచి కదలొద్దు. ఆ బంగారు రంగు ప్రెషర్ కుక్కర్ కేకుకి ఏ తంటాలు పడ్డా రాదు. ఈ పనంతా శనివారం మధ్యాహ్నానికే ముగించుకోండి, ఆదివారం తెల్లవారుజామున సమాధుల దగ్గరికి, ఆరాధనకి వెళ్లేవాళ్లకి ఆ రాత్రి నిద్ర కావాలి.

మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకండి, పది నిమిషాల దాకా లోపలి వేడి కేకుని కాపాడుతుంది. అంతకన్నా ఎక్కువసేపు కోతలుండే వీధుల్లో ఓటీజీ కొనడం కన్నా, పిండి కలిపి టిన్నుల్లో పోసి పేటలోని బేకరీ భట్టీకి ఇవ్వడమే నయం. కాకపోతే వాళ్ల భట్టీ వేడి ఎక్కువ. 150 డిగ్రీల దగ్గర కాలాల్సిన కేకని ముందే చెప్పి, బన్నులన్నీ దిగాక చల్లారే భట్టీలో పెట్టమనండి.