తొమ్మిదో మెట్టు అరిగింది

నా ఎలక్ట్రిక్ గిటార్ వయసు పన్నెండేళ్లు. 2013లో సికింద్రాబాద్ క్లాక్ టవర్‌కు కాస్త దూరంలో ఉన్న ఒక దుకాణంలో పద్నాలుగు వేలు పెట్టి కొన్నాను. స్ట్రాటోకాస్టర్ అనే పేరున్న గిటార్ ఆకారం, తీగల కదలికను పట్టి యాంప్లిఫయర్‌కు పంపే సింగిల్ కాయిల్ పికప్‌లు మూడు, నల్ల రంగు. తిట్టవలసినవి కొన్ని ఉన్నాయి కనుక కంపెనీ పేరు చెప్పను. నచ్చిన సోలోలు, అంటే పాటలో గిటార్ ముందుకొచ్చి వాయించే భాగాలు, నా చేతులతో వాయించాలన్న ఒక్క కోరికతో కొన్నాను. అందుకే దీని మంచిచెడ్డలు ఆ సోలోలతోనే తూచి చెబుతాను.

మొదటి ఏడాదంతా బి మైనర్ పెంటటానిక్ అనే అయిదు స్వరాల వరస తప్ప మరొకటి ముట్టుకోలేదు. మెడ మీద ఏడో మెట్టు (ఫ్రెట్) దగ్గర చెయ్యి పెట్టి, పైకీ కిందికీ అవే అయిదు స్వరాలు. ఒకరోజు పక్క గదిలో బియ్యం ఏరుతున్న పెద్దమ్మ, "శుద్ధ ధన్యాసి ఎప్పుడు నేర్చుకున్నావురా?" అంది. ఆమె ముప్పై ఏళ్లు వీణ వాయించిన మనిషి. చూస్తే నిజమే, ఆ రాగానివీ అవే స్వరాలు: స గ మ ప ని. మిసిసిపీ పొలాల్లో పుట్టిన బ్లూస్‌కూ మా పెద్దమ్మ సాధకానికీ ఆధారం అవే అయిదు స్వరాలు. గమకం మాత్రం ఎవరిది వారిదే.

అసలు చిక్కు తీగ లాగడంలో వచ్చింది. మూడో తీగను తొమ్మిదో మెట్టు మీద నొక్కితే మధ్యమం పలుకుతుంది. దాన్ని పక్కకు లాగి పంచమం పలికించాలి. నేను బలమంతా పెట్టి లాగేవాణ్ని. "అందలేదు, ఇంకా వెంట్రుకవాసి ఉంది" అనేది పెద్దమ్మ, బియ్యంలోంచి తలెత్తకుండానే. చివరికి విసుగొచ్చి తనే లేచి వచ్చింది. "ముందు పంచమాన్ని దాని చోట నొక్కి విను. చెవిలో అది ఉండగానే లాగు" అంది. పదకొండో మెట్టు నొక్కి విని, తొమ్మిదికి వచ్చి లాగాను. ఆ చిన్న ఉపాయం ఆరు నెలల వీడియో పాఠాలు నేర్పనిది నేర్పింది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కు జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు ఎందుకు కట్టుకున్నారో కూడా ఆరోజే కొంత అర్థమైంది. జంట తీగల మీద గమకం పలికించడం తేలికైన పని కాదు.

ఇక సోలోలు. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ 1969లో రికార్డు చేసిన 'ది థ్రిల్ ఈజ్ గాన్' బి మైనర్‌లోనే ఉంటుంది. స్వరాలు లెక్కపెడితే చాలా తక్కువ. వారంలో వేళ్లకు వచ్చేసింది, పన్నెండేళ్లయినా పాటగా రాలేదు. ఆయన ఒక స్వరం మీద ఆగి ఎడమచేతిని సీతాకోకచిలుక రెక్కలా ఆడిస్తాడు. ఆ వణుకు వేగం నాకు ఒక్కోరోజు ఒక్కోలా వస్తుంది. కాఫీ ఎక్కువైన రోజు మేక అరిచినట్టుంటుంది.

పింక్ ఫ్లాయిడ్ బృందం పాట 'కంఫర్టబ్లీ నమ్' (1979) రెండో సోలో కూడా బి మైనరే. డేవిడ్ గిల్మోర్ దాన్ని ఏకబిగిన వాయించలేదు. అయిదారుసార్లు వాయించి, బాగున్న ముక్కలు ఏరి కలిపారు. ఈ సంగతి తెలిశాక నా మీద నాకు జాలి తగ్గింది. ఆయన వాయించిన ఆ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019లో వేలానికి వస్తే 39,75,000 డాలర్లు పలికింది. నాదీ నల్లదే. నాదాన్ని మార్చే పెడల్ సరిగా అమర్చుకుని, గొంతు పోకుండా చివరిదాకా లాగగలిగితే, ఈ పద్నాలుగు వేల చెక్క కూడా ఆ పొగలాంటి నాదాన్ని కొంత ఇస్తుంది. నా గిటార్‌కు అత్యధిక మార్కులు ఇక్కడే.

ఈగల్స్ బృందం పాట 'హోటల్ కాలిఫోర్నియా' (1976) చివర డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఒకరి తర్వాత ఒకరు వాయించి, ఆపైన జంటగా కలిసే భాగం ఒకప్పుడు ప్రాణం. అదీ బి మైనరే! ఇప్పుడు కొంచెం మొహం మొత్తింది. ఎక్కడికి వెళ్లినా, "అన్నా, అది వాయించవా" అనే కుర్రవాడు ఒకడు తప్పడు.

మెటల్ దగ్గర ఈ గిటార్ చేతులెత్తేసింది. ఎడ్డీ వాన్ హేలెన్ 'ఇరప్షన్' (1978) ఒక నిమిషం నలభై రెండు సెకన్లు. అందులోలా, తీగలు బిగించి ఉండే బ్రిడ్జిని ఊపే కడ్డీని ఒక్కసారి కిందికి తొక్కితే నా ఆరు తీగలూ ఆరు దారులు పట్టేవి. మెడ చివర తీగలు ఆనే నట్ గాడిలో మూడో తీగ ఇరుక్కుని 'టింగ్' మనేది. గాడిలో పెన్సిల్ పొడి రాస్తే ఇరుకు తగ్గింది కానీ శ్రుతి నిలవలేదు. తీగలను బిగించి తాళం వేసే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి లేకపోవడమే కారణమని కొన్నాళ్లు సరిపెట్టుకున్నాను. వాన్ హేలెన్ కూడా ఆ రికార్డులో అది లేకుండానే వాయించాడని తెలిశాక ఆ సాకూ పోయింది. చివరికి వెనక మూత తీసి, బ్రిడ్జి కదలకుండా చెక్కముక్క దిగగొట్టాను. ర్యాండీ రోడ్స్ 'మిస్టర్ క్రౌలీ' (1980)కి కడ్డీతో పని లేదు కాబట్టి అక్కడ వంక పెట్టడానికి నా వేళ్లే మిగిలాయి. ఆయన తన సోలోలను మళ్లీ మళ్లీ అచ్చుగుద్దినట్టు వాయించి ఒకదానిపై ఒకటి రికార్డు చేసేవాడు. నాకు ఒకసారి వచ్చింది రెండోసారి రాదు.

తీగల మందం మాట. స్టీవీ రే వాన్ 'టెక్సాస్ ఫ్లడ్' (1983) విని మోజుపడి పదకొండు నంబర్ తీగలు వేశాను (నంబర్ పెరిగితే తీగ లావు). ఆయనవి పదమూడు. మూడు రోజుల్లో ఉంగరపు వేలి చర్మం ఊడింది. ఆయన తీగలన్నిటినీ ఒక మెట్టంత కిందికి దించుకునేవాడని నాకు ఆలస్యంగా తెలిసింది. బ్లాక్ సబ్బాత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ ఇందుకు పూర్తి విరుద్ధం. 1965లో ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు తెగాక, ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని, సన్న తీగలు కట్టుకున్నాడు. నేను బుద్ధిగా తొమ్మిది నంబర్‌కు తిరిగొచ్చాను.

హైదరాబాద్ వాతావరణం గురించి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎండిపోయి మెడ చెక్క కుంచించుకుంటుంది. మెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి అరచేతిని గీరుతాయి. గదిలో తడిగుడ్డ ఆరేస్తే కొంత నయం. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద యాంప్ నడిస్తే సింగిల్ కాయిల్ పికప్‌లు తేనెతుట్టె కదిలినట్టు హోరెత్తుతాయి. అలాంటప్పుడు తీసి పక్కన పెట్టడం తప్ప గతిలేదు.

మొన్న శ్రావణంలో మూడో తీగ లాగితే పంచమం చేరేలోపే కీచుమని గొంతు పోయింది. రిపేరు చేసే ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "మిగతావన్నీ బాగానే ఉన్నాయి, ఈ తొమ్మిదో మెట్టు మీద గుంట పడిందేమిటండీ?" అన్నాడు. ఏమని చెప్పను? అదొక్కటే మార్చమన్నాను. కొత్తది ఒక్కటే ఎత్తుగా ఉంటే తీగ దానికి కొట్టుకుంటుందని, వరస మొత్తం మార్చాలని చెప్పాడు. ఆయన అడిగినది గిటార్ కొన్న ధరలో సగం.

దసరా తర్వాత చూద్దామని వచ్చేశాను. ప్రస్తుతానికి తీగలన్నీ ఒక మెట్టంత దించి, పదో మెట్టు మీద వాయిస్తున్నాను. రికార్డుతో శ్రుతి కలుస్తోంది, తీగ కూడా తేలిగ్గా లొంగుతోంది. పెద్దమ్మ ఇంకా ఏమీ అనలేదు.