తిరుపతిలో ఉండి గాలి నింపే ప్యాడిల్ బోర్డు కొనవచ్చునా?

నిలబడి తెడ్డు వేసుకుంటూ నీటి మీద సాగే ప్యాడిల్ బోర్డును, అందులోనూ గాలి నింపి వాడుకుని మళ్ళీ చుట్టచుట్టి సంచిలో పెట్టుకునే రకాన్ని, 14 నెలల క్రితం కొన్నాను. తెడ్డు, పంపు, సంచి అన్నీ కలిపి 28 వేల రూపాయలు అయింది. ఈ 14 నెలల్లో దాన్ని నీళ్ళలోకి దింపింది 11 సార్లు, అంటే ఒక్కోసారికి రెండున్నర వేలకు పైగా పడింది. ఈ లెక్క మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు కనుక, ఎవరో చెప్పేలోగా నేనే చెప్పేస్తున్నాను.

చిత్తూరు దగ్గర మా మామగారి ఊరి చెరువు కట్ట మీద మొదటిసారి దాన్ని పరిచినప్పుడు, గొర్రెలు తోలుకొని పోతున్న ఒక పెద్దాయన ఆగి, "ఏం నాయనా, ఈ పరుపు మీద పండుకోని పోతావా?" అని అడిగారు. ఆ అనుమానం ఆయన ఒక్కరిదే కాదు. చూసిన ప్రతివారూ దీన్ని గాలి పరుపు అనుకుంటారు, కొనేముందు నేనూ అలాగే అనుకున్నాను. పరుపుకూ దీనికీ తేడా అంతా లోపలి నేతలో ఉంది. పైబట్టనూ కిందిబట్టనూ వేలకొద్దీ సన్నని దారాలతో నిలువుగా కలిపి కుట్టి, పైన పీవీసీ పూత వేస్తారు. గాలి ఎంత ఎక్కించినా ఆ దారాలు రెండు బట్టలనూ దూరం జరగనివ్వవు కాబట్టి, బోర్డు బంతిలా ఉబ్బకుండా చెక్కలా బల్లపరుపుగా బిగుసుకుంటుంది. అమెరికాలో గుడ్‌ఇయర్ కంపెనీ 1956లో గాలి నింపి ఎగరవేసిన ఇన్‌ఫ్లాటోప్లేన్ అనే చిన్న విమానాన్ని ఈ కోవకు చెందిన నేతతోనే చేశారని తెలిసిన తరువాత, నా 82 కిలోల బరువు గురించి నాకున్న బెంగ తగ్గింది.

నా బోర్డు పొడవు పదిన్నర అడుగులు, వెడల్పు 32 అంగుళాలు, మందం 6 అంగుళాలు. మందం విషయంలో మాత్రం రాజీ పడవద్దు. నాలుగు అంగుళాల బోర్డులు చవకగా దొరుకుతాయి కానీ, పెద్దవారు నిలబడితే నులక మంచంలా నడుము వంగి, పాదాల దగ్గర నీళ్ళు చేరుతాయి.

గాలి కొట్టడం గురించి ప్రకటనల్లో ఒక్క మాటతో సరిపెడతారు. ఆ పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను. బోర్డులో పట్టే చోటు సుమారు 300 లీటర్లు. దాన్ని 15 పీఎస్ఐ (టైర్ల గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) వరకు నింపాలంటే, మామూలు గాలిని ఇంచుమించు రెండింతలు, అంటే 600 లీటర్ల దాకా, చేతి పంపుతో లోపలికి తోయాలి. మొదటి నాలుగైదు నిమిషాలు పంపు మీదున్న మీటరు ముల్లు కదలనే కదలదు. అది పాడైపోయిందనుకుని మా బావమరిది దాన్ని రెండుసార్లు వేలితో తట్టి చూశాడు. బోర్డు ఆకారం పూర్తిగా వచ్చి, లోపల ఒత్తిడి పుట్టిన తరువాతే ముల్లు లేస్తుంది. అక్కడి నుంచి ఒక్కో పీఎస్ఐకీ ఒంటి బరువంతా పంపు పిడి మీద వేయవలసి వస్తుంది. అంతా అయ్యాక గొట్టం ఊడదీసేటప్పుడు వాల్వు లోపలి పిన్ను పైకి లేచి ఉండాలి, అది కిందికి నొక్కుకుని ఉంటే మూత తిప్పిన క్షణంలోనే గాలంతా బుస్సుమని బయటికి తన్నేస్తుంది. మొదటి రోజు నాకు సరిగ్గా అదే జరిగింది. ఇరవై నిమిషాల చెమట మూడు సెకన్లలో పోయింది, గొర్రెలు బెదిరి కట్ట దిగి పరుగెత్తాయి. కారు సిగరెట్ లైటరు సాకెట్‌కు తగిలించే ఎలక్ట్రిక్ పంపుకు మరికొన్ని వేలు పెట్టగలిగితే తప్పకుండా పెట్టండి, ఆ ఖర్చును బోర్డు ధరలో భాగంగానే లెక్కించుకోండి.

మన ఎండల సంగతి బోర్డు పెట్టెలోని కాగితం మీద తగినంత గట్టిగా రాయలేదు. పొద్దున 25 డిగ్రీల వేడిలో 15 పీఎస్ఐ నింపిన బోర్డును గట్టు మీద ఎండలో వదిలేస్తే, అందులోని గాలి 60 డిగ్రీలకు చేరినప్పుడు ఒత్తిడి 18 పీఎస్ఐ దాటుతుంది. తిరుపతి వేసవిలో ముదురు రంగు పీవీసీకి ఆ వేడి రావడం పెద్ద విషయమేమీ కాదు. అతుకులు విడేది ఇలాంటప్పుడే. అందువల్ల నేను 12 వరకే కొట్టి, నీళ్ళలో పది నిమిషాలు తేలనిచ్చి, చల్లబడ్డాక తగ్గిన ఒత్తిడిని మళ్ళీ సరిచేస్తాను. ఒడ్డుకు రాగానే నీడ లేకపోతే సగం గాలి తీసేస్తాను.

ఇక ఫిర్యాదు. మూడోసారి వాడినప్పుడే బోర్డు గంటలో మెత్తబడడం మొదలైంది. అమ్మిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వారికి ఫోటోలు పంపితే వీడియో అడిగారు, వీడియో పంపితే బిల్లు అడిగారు, నాలుగు వారాల తరువాత ఒక పీవీసీ ముక్క, చిన్న గమ్ము ట్యూబు పోస్టులో పంపి ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం పెట్టారు. ఈలోగా నేను వీధి చివర పంచర్ అంగడికి తీసుకుపోయాను. ఆయన నిజాయితీ గలవాడు, గోటితో గీరి చూసి, "ఇది రబ్బరు కాదు సార్, మా సొల్యూషన్ దీనికి అంటదు" అని తిప్పి పంపారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, పీవీసీకి పీవీసీ గమ్మే వాడాలి. చివరికి సబ్బు నీళ్ళు పూసి చూస్తే బుడగలు వచ్చింది చిల్లు నుంచి కాదు, వాల్వు అంచు నుంచి. పెట్టెలో అడుగున పడి ఉన్న ప్లాస్టిక్ రెంచితో పావు తిప్పు బిగించగానే కారడం ఆగిపోయింది. నాలుగు వారాల్లో కంపెనీవారు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఈ పేరాతో పని ఉండేది కాదు. పంచర్ అంగడిలోని కంప్రెసరుతో గాలి కొట్టించుకుంటే పంపు బాధ తప్పుతుంది కదా అని కూడా కొందరు అడుగుతున్నారు. వాల్వు రకం వేరు, పైగా లారీ టైర్లకు కొట్టే ఆ గాలికి 15 దగ్గర ఆగడం తెలియదు.

నీళ్ళ మీద దాని నడక గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. మొదట మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు తెడ్లు వేసి, బోర్డు మధ్యనున్న పట్టీకి అటూ ఇటూ పాదాలు పెట్టి లేచి నిలబడి, కాళ్ళ వంక కాక దూరంగా గట్టు వంక చూస్తే, అరగంటలో ఎవరికైనా నిలకడ వస్తుంది. తెడ్డు రేకు ముందుకు వంగి ఉండేలా పట్టుకోవాలి, నేను రెండుసార్లు దాన్ని తిరగేసి పట్టుకుని, బోర్డు నడవడం లేదని బోర్డును తిట్టుకున్నాను. దీనికున్న అసలు బలహీనత గాలి. నీటిపైన ఎత్తుగా, తేలికగా కూర్చుంటుంది కనుక ఎదురుగాలి లేస్తే గట్టి ఫైబర్ బోర్డు కంటే ముందే దారి తప్పుతుంది. అప్పుడు పంతానికి పోకుండా మోకాళ్ళ మీద కూర్చోవడమే పద్ధతి.

కానీ తిరుపతివారు ముందుగా తేల్చుకోవలసింది బోర్డు సంగతి కాదు, నీళ్ళ సంగతి. చంద్రగిరి పక్కనున్న కల్యాణి డ్యామ్ తిరుపతికీ తిరుమలకూ తాగునీరు ఇచ్చే జలాశయం, అక్కడ సరదాగా దిగే ఆలోచనే పెట్టుకోకూడదు. స్వర్ణముఖిలో బోర్డు తేలేటన్ని నీళ్ళు వచ్చాయంటే అది వరద, ఆ రోజు నదికి దూరంగా ఉండవలసిన రోజు. తూపిలిపాళెం సముద్రం దగ్గర రెండుసార్లు ప్రయత్నించాను, ఒడ్డున విరిగే అలలు దాటడానికే నా సత్తువ అయిపోయింది. కొత్తవారికి అది తగదు. పులికాట్ అందమైన చోటు, తడ, సూళ్ళూరుపేట వైపు రెండు గంటల ప్రయాణం. అయితే చాలా చోట్ల నడుము లోతు కూడా ఉండదు, బోర్డు అడుగున ఉండే రెక్క బురదలో గుచ్చుకుని బోర్డు ఆగిపోతుంది, మనం మాత్రం ఆగకుండా ముందుకు పడతాం. చిన్న రెక్క వేసుకోవాలి. వేసవిలో కొంత మేర పూర్తిగా ఎండిపోతుంది, నీళ్ళు నిండుగా ఉండే చలికాలమేమో రాజహంసలు వచ్చే కాలం. అది పక్షుల సంరక్షణ కేంద్రం, అవతల శ్రీహరికోట ఉంది. అటవీ శాఖవారిని అడిగి, పక్షుల గుంపులకు దూరంగా ఉండి, సముద్రపు గాలి లేవకముందే ముగించుకుని రావడం మర్యాదా, క్షేమమూ. నేను వెళ్ళిన మూడుసార్లూ అలాగే చేశాను. ఇంటికి వచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఎలుకలు చేరని అటక చూసి పెట్టడం మరో గంట పని.

మిగిలిన ఆరుసార్లూ మా మామగారి ఊరి చెరువే. అక్కడ కూడా చేపల కాంట్రాక్టు తీసుకున్నవారితో మాట్లాడి, వలలు ఎక్కడ వేశారో, తూము ఎక్కడుందో తెలుసుకోనిదే దిగను. తూము తెరిచి ఉన్నప్పుడు ఆ దరిదాపులకు పోకూడదు. గుర్రపుడెక్క అల్లుకున్న చెరువులో రెక్కకు తీగలు చుట్టుకుని, బోర్డు దూరం పోకుండా దాన్ని కాలికి కట్టుకునే తాడు, అంటే లీష్, కూడా వాటిలో చిక్కితే, ఈత వచ్చినవారికీ కష్టమే. లైఫ్ జాకెట్ నా సెట్టుతో రాలేదు, వేరుగా కొన్నాను. అది వేసుకోకుండా ఎవరినీ బోర్డు ఎక్కనివ్వను, మా బావమరిది ఎంత నవ్వినా సరే.

కాబట్టి నా సలహా ఇది. గాలి నింపేది కొనాలా, గట్టి ఫైబరుదా అన్న ప్రశ్న మనకు లేదు. అపార్టుమెంటులో లిఫ్టు ఎక్కని, కారు మీద తాళ్ళతో కట్టవలసిన పది అడుగుల చెక్కను తిరుపతిలో ఎవరూ పెట్టుకోలేరు. వీపు సంచిలో పట్టే పది కిలోల బోర్డే మనకు దిక్కు. కానీ నెలకు కనీసం ఒకసారైనా, అనుమతితో దిగగలిగే నీళ్ళు ఎక్కడున్నాయో ముందు కాగితం మీద రాసుకుని, ఆ జాబితాలో ఒక్క పేరూ రాకపోతే కొనడం మానేయండి. చెన్నై దిగువన కోవళంలో సర్ఫింగ్ నేర్పేవారి దగ్గర ఇవి అద్దెకు దొరుకుతాయి. సంవత్సరానికి రెండు మూడుసార్లు అక్కడికి వెళ్ళి, నేర్పేవారి కనుసన్నల్లో తెడ్డు వేసి రావడం నా లెక్క కంటే చాలా చవక. బంధువుల ఊరిలో నిండే చెరువు ఉన్నవారికి, అది కూడా ఎలక్ట్రిక్ పంపుతో కలిపి, కొనమనే చెబుతాను.

నా బోర్డు ఇప్పుడు తిరుపతిలో లేదు, మామగారి ఇంటి అటక మీద ఉంది. కార్తీకం వానలకు చెరువు నిండి, మొరవ పోవడం ఆగి, నీళ్ళు తేటపడ్డాక ఆయనే ఫోన్ చేసి రమ్మంటారు. ఈ 14 నెలల్లో ఆ ఫోన్ ఒక్కసారే వచ్చింది, ఆ ఆరుసార్లూ ఆ ఒక్క నిండుకు దిగినవే.